ఫ్రాన్స్ రైలు కొలతకు బెంగళూరులో కుట్టించిన సైకిల్ సంచి

రోడ్ సైకిల్‌ని విమానం ఎక్కించాలంటే ఏది కొనాలి అని బెంగళూరులో ఏ సైక్లిస్టుని అడిగినా ముందు వచ్చే మాట గట్టి ప్లాస్టిక్ పెట్టె. దిగగానే కారు ఎక్కేవాళ్లకి అది మంచి సలహానే. ఫ్రాన్స్‌లో పల్లె వైపు వెళ్లేవాళ్లకి మాత్రం సగమే పనికొస్తుంది. విమానంలో సైకిల్ ఉండేది ఒక్క రాత్రి. ఆ తర్వాత పారిస్‌లో టీజీవీ (వేగంగా వెళ్లే దూరప్రయాణ రైలు) ఎక్కాలి, తులూజ్‌లో దిగాలి, అక్కణ్నుంచి ఓష్, ఫువా లాంటి చిన్న ఊళ్లకి వెళ్లే టీఈఆర్ (ప్రాంతీయ రైలు) పట్టుకోవాలి, లిఫ్టు లేని చిన్న స్టేషన్‌లో మెట్లు దిగి ప్లాట్‌ఫారం మారాలి. ఆపైన ఆ పెట్టె ఏళ్ల తరబడి అద్దె ఇంట్లో ఒక మూలని ఆక్రమించుకుని కూర్చుంటుంది.

ఇక్కడ అసలు సంగతి ఒక కొలత. విడదీసిన సైకిల్‌ని సంచిలో పెట్టుకుంటే టీజీవీలో మామూలు సామానులాగే ఉచితంగా తీసుకెళ్లొచ్చు, కానీ ఆ సంచి 130 సెంటీమీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల ఎత్తు దాటకూడదు. విప్పని సైకిల్‌ని కొన్ని టీజీవీల్లోనే, అదీ ముందుగా డబ్బు కట్టి, ఉన్న కొద్ది చోట్లలో ఒకటి దొరికితేనే ఎక్కించనిస్తారు. కాబట్టి సంచి ఎంపిక విమానాన్ని బట్టి కాదు, రైలుని బట్టి జరగాలి. ఎయిర్‌బస్ ఊరైన తులూజ్‌కి బెంగళూరు నుంచి రెండు మూడేళ్ల పనిమీద వెళ్లే తెలుగు ఇంజినీర్లు కొనబోయే ముందు టేపు తీసి కొలవాల్సింది ఇదే.

ఇప్పుడు చెప్పబోయే సంచి పేరున్న కంపెనీది కాదు. జేసీ రోడ్డు వైపు కార్ల సీటు కవర్లు కుట్టే దుకాణంలో కొలతలిచ్చి కుట్టించింది. ఆ పని చేసేవాళ్ల దగ్గర మందపాటి బట్టని కుట్టగల మిషను, బలమైన నైలాన్ దారం, సీటు బెల్టు పట్టీ, ఫోమ్ అన్నీ ఉంటాయి. మామూలు టైలరు మిషను ఈ బట్ట రెండు మడతలు పడేసరికే సూది విరగ్గొట్టుకుంటుంది. ముందే చెప్పేస్తాను: ఈ దారి కోసం అయితే గట్టి పెట్టె కన్నా ఇదే మేలు. అయితే కుట్టించేటప్పుడు మూడు చోట్ల దగ్గరుండి చూసుకోవాలి. అవి పోతే సంచి మొత్తం పోయినట్టే.

బట్ట 1000 డినియర్ (దారం మందం కొలత) నైలాన్, లోపల వైపు పూత ఉన్నది. 58 అంగుళాల పన్నా అయితే మూడున్నర మీటర్లు తీసుకోవాలి: రెండు పెద్ద పలకలు, చుట్టూ తిరిగే 30 సెంటీమీటర్ల అంచు, లోపలి జేబులు అన్నీ అందులోనే వస్తాయి. రెక్సిన్ వద్దు. బరువు ఎక్కువ, మడత పెట్టిన చోట ఏడాది తిరక్కుండా పగులుతుంది. ఖర్చులో పెద్ద భాగం బట్టకీ జిప్పుకీ పోతుంది. కూలీ దగ్గర బేరమాడితే కుట్టులో తేడా వస్తుంది కాబట్టి అక్కడ బిగించొద్దు.

మేస్త్రీకి ఇచ్చే కొలత 130 × 90 కాదు, 126 × 86. మెత్తటి సంచి నిండగానే ఉబ్బుతుంది. లోపల సన్‌ప్యాక్ షీటు (లోపల సన్న గొట్టాలుండే ప్లాస్టిక్ అట్ట), ఫోమ్ కూడా పడతాయి. ఖాళీ సంచి కచ్చితంగా 130 ఉంటే నిండిన సంచి 133 అవుతుంది. "అన్నా, నాలుగు సెంటీమీటర్లు తగ్గితే సైకిల్ పట్టదేమో" అని మేస్త్రీ అనుమానపడొచ్చు. పడుతుంది. 54 సైజు ఫ్రేము చక్రాలు తీసేశాక ముందు ఇరుసు చోటు నుంచి వెనక ఇరుసు చోటు దాకా ఒక మీటరు లోపే ఉంటుంది. 28 మిల్లీమీటర్ల టైరు వేసిన చక్రం వ్యాసం 68 సెంటీమీటర్లు. సీటు కడ్డీ బయటికి తీసేస్తే ఎత్తులో కూడా ఇబ్బంది లేదు. 58, అంతకు మించిన ఫ్రేములు వాడే పొడగరులు మాత్రం ముందు అట్టముక్క మీద గీసి చూసుకోవాలి.

మొదటి జాగ్రత్త జిప్పు. పైభాగం మొత్తం, రెండు పక్కలా అడుగు నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు వరకు దిగాలి. అంటే దాదాపు 250 సెంటీమీటర్ల పొడవు, 10వ నంబరు, మధ్యలో కలిసే రెండు రన్నర్లు. చిక్కంతా పై మూలల్లో. మూల నలుచదరంగా కుడితే రన్నర్ అక్కడ అడ్డం తిరుగుతుంది, లోపలి నుంచి హ్యాండిల్ ఒత్తిడి తగులుతుంది, పళ్లు విడిపోతాయి. పళ్లు ఒకసారి విడిపోయిన జిప్పు స్టేషన్‌లో నిలబడి బాగుచేసుకునేది కాదు. మూలని చిన్న పళ్లెం అంచులా, 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా తిప్పమనండి.

రెండోది అడుగు. చక్రాలు తీసేసిన సైకిల్ సంచిలో నిలబడితే బరువంతా దేనిమీద పడుతుంది? చాలామంది ఫోర్కు కాళ్ల మీద అనుకుంటారు. కాదు, పెద్ద పళ్లచక్రం మీద. పెడళ్ల ఇరుసు చక్రాల ఇరుసు గీత కన్నా 7 సెంటీమీటర్ల కిందికి ఉంటుంది. 50 పళ్ల చక్రం వ్యాసార్ధం ఇంకో 10. అంటే మొత్తం సైకిల్లో నేలకి ముందు తాకేవి ఆ పళ్లే. సంచిని నేలమీద దించిన ప్రతిసారీ అవి ఫోమ్‌ని కొరుకుతాయి. 10 మిల్లీమీటర్ల ఫోమ్ ఒక్కటే వేసిన అడుగుని తిరగేసి వేలితో తడిమితే, లోపల పంటిగాట్లు వరసగా తగులుతాయి, బట్ట బయటి వైపు చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. రెండో ప్రయాణానికి అవి చిల్లులు. అందుకని అడుగున 5 మిల్లీమీటర్ల సన్‌ప్యాక్ షీటు రెండు పొరలు, గొట్టాలు ఒకదానికొకటి అడ్డంగా వచ్చేలా వేయాలి. దానిపైన ఫోమ్. పళ్లచక్రం ఆనే చోట పాత టైరు ముక్క ఒకటి. చైన్‌ని పెద్ద చక్రం మీదే ఉంచితే పళ్ల మొనలు కూడా కప్పుకుపోతాయి.

మూడోది పట్టీలు. 50 మిల్లీమీటర్ల సీటు బెల్టు పట్టీ సంచి పక్కల్లో ఆగిపోకూడదు. అడుగు కింద నుంచి చుట్టి వచ్చి రెండో పక్కన పైకి లేవాలి, నలుచదరపు పెట్టెలా, దాని మధ్యలో ఇంటూ గుర్తులా అడ్డకుట్లు పడాలి. పక్కకి మాత్రమే కుట్టిన పట్టీ భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే బట్టని చింపుకుంటూ ఊడుతుంది.

పక్కలకి 6 మిల్లీమీటర్ల యోగా మ్యాట్లు రెండు దాదాపు సరిపోతాయి. ఎస్పీ రోడ్డులో దొరికే ఏసీ రాగి పైపులకి తొడిగే నల్ల ఫోమ్ గొట్టాన్ని నిలువునా కోసి ఫ్రేము కడ్డీలకి తొడిగితే పెయింటు మీద గీతలు పడవు. అన్నీ కలిపి ఖాళీ సంచి బరువు 4 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. గట్టి పెట్టెలు 11 నుంచి 13 కిలోలు. 23 కిలోల పరిమితిలో 9 కిలోల సైకిల్‌ని పెట్టెలో పెడితే ఇంకో మూడు కిలోలకి మించి చోటుండదు. ఈ సంచిలో పదికిలోలు మిగులుతాయి: బూట్లు, హెల్మెట్, చలికోటు, పచ్చడి సీసాలు. సీసాలు మాత్రం చక్రాల పక్కన పెట్టొద్దు.

సర్దడంలో వరస ముఖ్యం. మొదట గేరుని వెనక ఉన్న అన్నిటికన్నా చిన్న పళ్లచక్రానికి మార్చండి, కేబుల్ వదులవుతుంది. చక్రాలు తీయండి. వెనక డిరైలర్‌ని (చైన్‌ని గేర్ల మధ్య జరిపే భాగం) 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో హ్యాంగర్ (దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క) నుంచి విప్పి, కేబుల్ అలాగే ఉంచి, బబుల్ ర్యాప్ చుట్టి, ఫ్రేము వెనక త్రికోణం లోపలికి కట్టేయండి. చాలామంది ఇది చెయ్యరు. సంచి ఆ పక్కకి ఒరిగితే బరువంతా డిరైలర్ మీద పడి హ్యాంగర్ వంగుతుంది, ఫ్రేము దెబ్బతినకుండా ముందు అదే వంగేలా దాన్ని మెత్తగా చేస్తారు. కంటికి కనిపించని రెండు మిల్లీమీటర్ల వంపు చాలు, మొదటి ఎత్తులో గేరు దాటేసి చైన్ స్పోకుల్లోకి పోతుంది. అందుకే మీ ఫ్రేముకి సరిపోయే హ్యాంగర్ ఒకటి అదనంగా సంచి జేబులో ఉండాలి. ప్రతి ఫ్రేముకీ దానిది వేరు, పల్లెలో అది దొరుకుతుందని నమ్ముకోవద్దు. బిగించేటప్పుడు డిరైలర్ బోల్టు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు.

ఫోర్కు కాళ్ల మధ్య 100 మిల్లీమీటర్ల, వెనక (డిస్కు బ్రేకు సైకిల్ అయితే) 142 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ స్పేసర్లు పెట్టాలి. కొత్త సైకిళ్లతో వచ్చిన వీటిని దుకాణాల్లో చెత్తబుట్టలో వేస్తారు, అడిగితే ఊరికే ఇస్తారు. ఇవి లేకుండా మెత్తటి సంచిలో పెడితే కార్బన్ ఫోర్కుని ఎవరో ఒక పెట్టెతో నొక్కేయడం ఖాయం.

డిస్కు బ్రేకులవాళ్లకి ఇంకో పని. చక్రం తీసిన వెంటనే ప్యాడ్ల మధ్య స్పేసర్ దూర్చండి, లేదంటే మడిచిన అట్టముక్క. సంచిలో బ్రేకు లివర్ నొక్కుకుపోతే పిస్టన్లు ముందుకొచ్చి ప్యాడ్లు మూసుకుంటాయి, అక్కడికెళ్లాక రోటర్ (చక్రానికుండే బ్రేకు పళ్లెం) దూరదు. అలా అయితే స్క్రూడ్రైవర్ పెట్టొద్దు, ప్లాస్టిక్ టైరు లివర్‌తో నెమ్మదిగా వెనక్కి నెట్టాలి. రోటర్ మందం 1.8 మిల్లీమీటర్లు మాత్రమే, సంచి మీద పెట్టె ఒకటి పడితే చాలు వంగడానికి. సెంటర్‌లాక్ (ఒకే ఉంగరంతో బిగించే) రోటర్ అయితే లాక్‌రింగ్ పనిముట్టుతో విప్పి, రెండు అట్టల మధ్య పెట్టి, శుభ్రమైన కవరులో వేయండి. చైన్ నూనె అంటిన గుడ్డతో కలిపి పెడితే అక్కడ మొదటి దిగుడులో బ్రేకు అరుస్తుంది, పట్టదు.

హ్యాండిల్‌ని స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే ముక్క) మూత నాలుగు బోల్టులు విప్పి తీసి, పై కడ్డీకి ఎడమ పక్కన వేలాడదీసి కట్టండి. మూతని తిరిగి స్టెమ్‌కే బిగించేస్తే బోల్టులు పోవు. స్టెమ్‌ని మాత్రం కదపొద్దు. అది తీస్తే ఫోర్కు జారుతుంది, బేరింగులు, ఉంగరాలు వరస తప్పుతాయి. తిరిగి కట్టేటప్పుడు ఆ బోల్టులు సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు, స్టెమ్ మీదే రాసి ఉంటుంది. సీటు కడ్డీ తీసే ముందు ఎత్తుకి టేపు చుట్టుకోండి. పెడళ్లు విప్పేటప్పుడు, ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుతుందని తెలిసినా తొందరలో అందరూ విప్పబోయి బిగించేస్తారు.

టైర్లలో గాలి మొత్తం తీసేయక్కర్లేదు. సామాను అరలో కూడా గాలి ఒత్తిడి ఉంటుంది, టైరు పేలదు. 30 పీఎస్ఐ వరకు ఉంచితే రిమ్ముకి అదే దిండు. ట్యూబ్‌లెస్ అయితే అసలే ఖాళీ చేయొద్దు, అంచు విడితే సీలెంట్ సంచి నిండా పారుతుంది. విమానాశ్రయం కౌంటరులో గాలి తీయాల్సిందే అంటే వాళ్ల ముందు కాస్త తీయండి. విడి బ్యాటరీలు, విప్పి తీయగల గేరు బ్యాటరీలు చేతి సంచిలోకి. పొడవు, ఎత్తు, వెడల్పు కలిపితే నిండిన ఈ సంచి దాదాపు 250 సెంటీమీటర్లు వస్తుంది. మామూలు సామాను హద్దు 158. కాబట్టి టికెట్ కొనే ముందే విమాన సంస్థకి సైకిల్ సంగతి చెప్పి రాతలో ఒప్పుకోలు తీసుకోవాలి.

బెంగళూరు ట్యాక్సీల్లో సెడాన్ డిక్కీలో ఇది పట్టదు. వెనక సీటు మీద నిలువుగా పెడితే పక్కన ఒకరు కూర్చోవచ్చు. రైల్లో బోగీ చివర సామాను అరలో నిలబెట్టి, పట్టీతో కమ్మీకి కట్టేయాలి. మధ్య స్టేషన్లలో రైలు నిమిషాలే ఆగుతుంది కాబట్టి ముందు స్టేషన్ దాటగానే లేచి తలుపు దగ్గరికి చేరాలి. టీఈఆర్‌లలో చాలావాటిలో సైకిల్‌ని విప్పకుండానే ఎక్కించొచ్చు. తులూజ్ స్టేషన్ బయటే బిగించుకుని, సంచిని చుట్టచుట్టి వీపుకి కట్టుకుని వెళ్లినవాళ్లకి ఈ సంచి విలువ బాగా తెలుస్తుంది. గట్టి పెట్టెతో ఆ పని కాదు. నాలుగేళ్లకోసారి జరిగే 1200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్ సైకిల్ యాత్రకి వెళ్లేవాళ్లకీ ఇదే లెక్క. 2019, 2023ల్లో అది మొదలైన రాంబూయేకి పారిస్‌లోని మోంపర్నాస్ స్టేషన్ నుంచి లోకల్ రైలే ఉంది.

లోపాలున్నాయి. పైనుంచి పడే బరువుకి ఈ సంచి అడ్డు నిలవదు. ఫోమ్ గీతల్ని ఆపుతుంది, నలుగుడుని ఆపలేదు. లోతైన కార్బన్ రిమ్ముల చక్రాలకి ఇందులో నేను ఒప్పుకోను. బ్రేకు గొట్టాలు స్టెమ్, హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగుల చోటు) లోపల నుంచి వెళ్లే కొత్త ఏరో సైకిళ్లకి హ్యాండిల్ ఇలా విడిగా వేలాడదీయడం కుదరదు, గొట్టం మెలికపడి మళ్లీ బ్లీడ్ చేయాల్సి (బ్రేకు నూనెలో చేరిన గాలి తీయాల్సి) వస్తుంది. వాళ్లు పెట్టే అద్దెకి తీసుకుని, అక్కడ కారు మాట్లాడుకోవడం మంచిది. ఇంకొకటి, క్యాసెట్ (వెనక గేరు పళ్లచక్రాల కట్ట) ఉన్న పక్క చక్రాన్ని బయటి వైపుకి తిప్పి పెట్టాలి, ఇరుసు చివరలకి సీసా మూతలు టేపు వేయాలి. లేకపోతే లోపలి జేబు బట్ట అక్కడే ముందు చిరుగుతుంది.

జేబులో హ్యాంగర్‌తో పాటు రెండు ట్యూబులు, ఒక జత ప్యాడ్లు, చైన్ క్విక్ లింక్ కూడా ఉండాలి. పల్లెల్లో దుకాణాలు మధ్యాహ్నం 12 నుంచి 2 వరకు మూస్తారు, ఆదివారం, చాలా చోట్ల సోమవారం కూడా తెరవరు. ఇక్కడ బరువని పీకేసిన గంటని మళ్లీ బిగించండి, అక్కడ చట్టం అడుగుతుంది. ఊరి బయట రాత్రిపూట, మసకలో మెరిసే జాకెట్ కూడా తప్పనిసరి. అది సంచిలో పెద్దగా చోటు కూడా పట్టదు. ఫ్రెంచి రైళ్లలో సామాను మీద పేరు ఉండాలి, కాబట్టి కుట్టించేటప్పుడే పట్టీ పక్కన పారదర్శక ప్లాస్టిక్ జేబు ఒకటి వేయించండి. విడిగా కట్టిన చీటీ బెంగళూరు విమానాశ్రయం దాటేలోపే తెగిపోతుంది.