బాబు చెవికి పద్నాలుగేళ్లు, నా చెవికి ఏడేళ్లు: కాక్లియర్ ఇంప్లాంట్ వాడాక నేను చెప్పేది

మా ఇంట్లో కాక్లియర్ ఇంప్లాంట్, అంటే వినపడనివాళ్లకి ఆపరేషన్ చేసి చెవిలో పెట్టే మిషన్, పెట్టించుకున్నవాళ్లం ఇద్దరం. మా బాబుకి 2011 ఆగస్టులో, రెండేళ్లు నిండకముందే, ఆరోగ్యశ్రీ కింద హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. నాకు 2018లో, ముప్ఫై ఆరేళ్ల వయసులో, సొంత డబ్బుతో అయింది. వాడికి పుట్టుకతోనే వినపడదు. నాకేమో పాతికేళ్లు దాటాక కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది, తొమ్మిదేళ్లు హియరింగ్ ఎయిడ్లతో నెట్టుకొచ్చాను, చివరికి వాటితోనూ మాట అర్థం కాకుండా పోయింది. మాది మేనరికం. జన్యువుల వల్ల కావచ్చు అన్నారు డాక్టర్లు, కచ్చితంగా తేల్చలేదు.

మ్యాపింగ్‌కి, అంటే మిషన్‌లో శబ్దాల హెచ్చుతగ్గులు సరిచేయించుకోవడానికి, వెళ్లినప్పుడల్లా చిన్న పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు మా ఇద్దరి మిషన్లూ చూసి పక్కన కూర్చుంటారు. అందరూ అడిగేది ఒకటే: "ఆపరేషన్ అయితే అందరిలా వినపడుతుందా అక్కా?" అందరిలా వినపడదమ్మా. వినపడుతుంది, మాట వస్తుంది, చదువు వస్తుంది, కానీ అందరిలా కాదు. బయటి మిషన్ తీసి పక్కన పెడితే మళ్లీ ఏమీ వినపడదు. ఈ చివరి ముక్క నాకు 2011లో ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే కొన్ని పనులు వేరేగా చేసేదాన్ని, అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు అసలు ఇదేమిటో చెప్తాను. హియరింగ్ ఎయిడ్ శబ్దాన్ని పెద్దది చేసి చెవిలోకి పంపిస్తుంది. ఇది అలా కాదు. చెవి వెనక ఉండే ప్రాసెసర్ శబ్దాన్ని తీసుకుని, తల మీద అయస్కాంతంతో అంటుకునే కాయిల్ ద్వారా చర్మం లోపలి భాగానికి పంపిస్తుంది, అక్కడి నుంచి లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే కాక్లియాలోకి దూర్చిన సన్నటి తీగ నేరుగా వినికిడి నరానికి కరెంటు అందిస్తుంది. కంపెనీని బట్టి ఆ తీగకి 12 నుంచి 22 వరకు ఎలక్ట్రోడ్లు, అంటే కరెంటు అందించే చుక్కలు, ఉంటాయి. బాగున్న చెవిలో శబ్దాన్ని పట్టే కొన్ని వేల రోమకణాలు చేసే పని ఈ కొద్ది ఎలక్ట్రోడ్లతో నడవాలి. ఇది తెలిశాక నాకు సంగీతం ఎందుకు పాడైపోయిందో, మాట ఎందుకు నిలబడిందో రెండూ అర్థమయ్యాయి.

బాబు సంగతి మాకు తెలిసేసరికే పద్నాలుగు నెలలు. గిన్నె కింద పడితే తిరిగేవాడు, అది చూసి వినపడుతోందనుకున్నాం. నేల అదిరినందుకు తిరిగాడని అప్పుడు తెలియలేదు. శబ్దానికి వినికిడి నరం స్పందిస్తోందా అని చూసే బెరా పరీక్షలో రెండు చెవులకీ స్పందన లేదు. కాన్పు అయ్యాక డిశ్చార్జికి ముందే ఓఏఈ అనే చిన్న వినికిడి పరీక్ష ఉంటుంది, బిడ్డ నిద్రపోతుండగా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, సూది ఉండదు, నొప్పి ఉండదు. మీ ఇంట్లో ఎవరికైనా కాన్పు ఉంటే, ముఖ్యంగా మేనరికం అయితే, దయచేసి అడిగి చేయించండి. మొదటి ఏళ్లలో పోయిన ఒక్కో నెలా మాటకి చాలా ఖరీదు.

ఆపరేషన్ అయిన నాలుగు వారాలకి స్విచాన్ చేశారు, అంటే మిషన్ మొదటిసారి ఆన్ చేశారు. వాడు ఉలిక్కిపడి ఏడ్చి నా కొంగులో దూరాడు. ఇక మాట వచ్చేస్తుందని ఊళ్లో అందరూ అనుకున్నారు. "అమ్మ" అనడానికి ఏడు నెలలు పట్టింది. తెనాలి నుంచి విజయవాడకి వారానికి రెండుసార్లు ప్యాసింజర్ రైల్లో మాట నేర్పే థెరపీకి తీసుకెళ్లేదాన్ని, మూడున్నరేళ్లు. థెరపిస్ట్ ముప్పావుగంటలో నేర్పేది నిజానికి పిల్లాడికి కాదు, మనకే. మిగతా రోజంతా ఇంట్లో ఎవరు మాట్లాడతారన్నదే అసలు థెరపీ. మా ఇంట్లో ఆ పని మా అత్తయ్య చేసింది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, బియ్యంలో రాళ్లు ఏరుతూ, వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని "ఇదిగో నాన్నా పుచ్చిన కాయ, ఇది పారేద్దాం, ఇది లేత కాయ, ఇది గిన్నెలో వేద్దాం" అని ఆపకుండా చెప్తూనే ఉండేది. చదువుకోలేదు, కానీ వాడి మాటలో ఉన్న తెలుగు సగం ఆవిడదే.

రోజూ పొద్దున స్కూలుకి ముందు మేము చేసే పరీక్ష ఒకటుంది, లింగ్ శబ్దాలు అంటారు: ఆ, ఊ, ఈ, ష్, స్, మ్. పెదాలు కనపడకుండా వెనక నిలబడి ఒక్కొక్కటీ అంటాం, వాడు తిరిగి చెప్పాలి. మాటలో ఉండే లావు శబ్దం నుంచి సన్న శబ్దం వరకు ఈ ఆరింటిలో వచ్చేస్తాయి. ఒక మే నెలలో వాడికి వరసగా రెండు రోజులు "స్" రాలేదు. అల్లరి చేస్తున్నాడని కోప్పడ్డాను కూడా. తీరా చూస్తే మైకు మీది కవర్‌లో చెమట పేరుకుపోయింది. కవర్ మార్చగానే వచ్చేసింది. ఆ ఆరు శబ్దాలకి అర నిమిషం పడుతుంది, మానకండి.

కోస్తాలో ఈ మిషన్‌కి మొదటి శత్రువు చెమటే. రాత్రి తేమ పీల్చే డ్రై బాక్స్‌లో పెట్టకపోతే వారం కూడా సరిగ్గా నడవదు. ఎండాకాలం నేను మధ్యాహ్నం కూడా ఓ గంట తీసి అందులో పెట్టేస్తాను. తలకి నూనె రాస్తే కాయిల్ కింద జిడ్డు చేరుతుంది, స్కూలుంటే శనివారం రాత్రి మాత్రమే నూనె. హెల్మెట్ నాకు ఇప్పటికీ సరిగ్గా కుదరలేదు, పెట్టుకుంటే కాయిల్ జారిపోతుంది, బండి నడిపేటప్పుడు వెనక హారన్ వినపడదు, కాబట్టి నేను బండి నడపడం మానేసి ఆటోలోనే వెళ్తున్నాను. ప్లాస్టిక్ జారుడుబల్ల మీద పుట్టే స్టాటిక్ కరెంటు గురించి ముందే చెప్పారు, జారేముందు తీసేసేవాళ్లం. తిరుపతిలో గుండు చేయించినప్పుడు మాత్రం ఎవరూ చెప్పనిది ఒకటి తెలిసింది: జుట్టు లేకపోతే అయస్కాంతం చర్మానికి మరీ గట్టిగా పట్టేస్తుంది, రెండు రోజుల్లో ఆ చోట ఎర్రగా కందిపోయింది. అయస్కాంతం బలం తగ్గించుకోవచ్చు. మొక్కు ఉన్నవాళ్లు ముందే అడిగి తక్కువ బలం ఉన్నది తెచ్చుకోండి.

ఎంఆర్ఐ సంగతి కూడా. లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి మామూలుగా స్కాన్‌లోకి పంపేయకూడదు, ఏ మోడల్‌కి ఏ జాగ్రత్తో చూడాలి. మోడల్ వివరాలుండే ఇంప్లాంట్ కార్డు పర్సులో ఉండాల్సిందే.

ఇప్పుడు నా చెవి గురించి. స్విచాన్ రోజు మా ఆయన నా పేరు పిలిచారట. నాకు వినిపించింది పిచ్చుకల గోల. ఆడా మగా తేడా లేదు, తలుపు చప్పుడుకీ మాటకీ తేడా లేదు. ఇంటికొచ్చి ఆ రాత్రి చాలా ఏడ్చాను, అప్పు చేసి పెట్టించుకున్నాను కదా. మూడు వారాలకి మా అత్తయ్య "అన్నం పెట్టనా" అన్నది ఆవిడ మొహం చూడకుండా అర్థమైంది. మూడు నెలలకి పిచ్చుకలు పోయి గొంతులు గొంతుల్లా అయ్యాయి. పెద్దవయసులో పెట్టించుకున్నవాళ్లకి ఉన్న బలం ఇదే, భాష అప్పటికే తలలో ఉంటుంది, కొత్త శబ్దాన్ని మెదడు పాత మాటకి జతచేసుకుంటుంది. మా బాబుకి జతచేయడానికి పాతది లేదు, వాడు ఈ శబ్దంతోనే తెలుగు కట్టుకున్నాడు. కానీ అదే వాడికి ఒక రకంగా మేలైంది. నాకు ఇప్పటికీ వయొలిన్ వింటే బాధగా ఉంటుంది, రాగం అంతా ఒక ముద్దలా వస్తుంది, ఎలా ఉండేదో గుర్తుంది కాబట్టి. వాడికి అలాంటి లోటు తెలియదు, పాటలు పెట్టుకుని హాయిగా వింటాడు. తాళం మాత్రం ఇద్దరికీ బ్రహ్మాండంగా తెలుస్తుంది, డప్పు, మృదంగం అయితే నాకు దాదాపు పాత రోజుల్లాగే.

తెలుగులో మాకు ఎక్కడ దెబ్బ తగులుతుందో గమనించాను. మనం తొందరలో మాట చివరల్ని మింగేస్తాం, అసలు విషయమంతా ఆ చివరలోనే ఉంటుంది. వచ్చాడా, వచ్చారా, వచ్చిందా అన్నది చివరి అక్షరమే చెప్తుంది. "చెప్పను"కీ "చెప్పాను"కీ మధ్య ఉన్నది ఒక్క దీర్ఘం, ఫ్యాన్ తిరుగుతున్న గదిలో అది పోయిందంటే అర్థం తలకిందులవుతుంది. గొంతులో ఎత్తు పల్లాలు ఇంప్లాంట్‌లో సరిగ్గా రావు. అందుకే "వెళ్తున్నావ్" అని సాగదీసి ప్రశ్నలా అడిగితే నాకు అది ప్రశ్నని తెలియదు, ఊరుకుంటాను, అవతలివాళ్లు పొగరనుకుంటారు. "వెళ్తున్నావా" అని ఆ దీర్ఘం పెట్టి అడిగితే చాలు. గట్టిగా అరవక్కర్లేదు, మొహం మావైపు పెట్టి చివరి అక్షరం దాకా పలకండి. స్కూల్లో మా వాడి కష్టం కూడా ఇదే, టీచర్ బోర్డు వైపు తిరిగి చెప్పినంతసేపూ వాడికి పాఠం లేనట్టే. 2020లో అందరూ మాస్కులు పెట్టుకున్నాక మా ఇద్దరికీ బయట ప్రపంచం ఏడాది పాటు సగమైపోయింది.

నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తాను. బాబు చిన్నప్పుడు మాకు ఒకచోట గట్టిగా చెప్పారు, సైగలు చేయొద్దు, సైగ అలవాటైతే మాట రాదు అని. మేము అక్షరాలా పాటించాం. వాడు వేలు చూపించి అడిగినా ఇవ్వకుండా, నోటితో అనేదాకా ఏడిపించిన రోజులున్నాయి.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకి విజయవాడ వెళ్లాం. స్నానానికి ముందు ప్రాసెసర్ తీసి నా సంచిలో పెట్టాను. వాడికి అప్పుడు ఆరేళ్లు దాటాయి. ఘాట్ నిండా జనం. బట్టలు మార్చేలోపు వాడు నాలుగు మెట్లు పక్కకి వెళ్లిపోయాడు. నాకు కనపడుతూనే ఉన్నాడు, కానీ పిలిస్తే వినపడదు. "ఆగు, అక్కడే ఉండు" అని చేత్తో చెప్పడానికి మా ఇద్దరి మధ్య ఒక్క గుర్తు కూడా లేదు, ఎందుకంటే నేర్పకూడదని మేమే నేర్పలేదు. చెయ్యి ఊపితే వాడు నవ్వుతూ తిరిగి చెయ్యి ఊపి ఇంకా అటే వెళ్లాడు. మా ఆయన జనాన్ని తోసుకుంటూ వెళ్లి పట్టుకున్నారు. ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి నా మనసులో ఆ ఉపదేశం మీద నమ్మకం పోయింది.

అయినా వెంటనే మారలేదు, అది నా తప్పు. 2022లో వాడి పాత ప్రాసెసర్ చచ్చిపోయింది. ఆ మోడల్‌కి ఇక విడిభాగాలు రావు, కొత్తది కొనాలన్నారు. వాడి ఆపరేషన్‌కి మాకు పైసా ఖర్చవలేదు, కొత్త ప్రాసెసర్‌కి నాలుగు లక్షల ఎనభై వేలు. డబ్బు కూడగట్టి, సరుకు వచ్చి, మ్యాపింగ్ అయ్యేసరికి ఇరవై ఆరు రోజులు. పన్నెండేళ్ల పిల్లాడు ఇరవై ఆరు రోజులు పూర్తి నిశ్శబ్దంలో ఉన్నాడు. కాగితం మీద రాసి మాట్లాడుకున్నాం. వారం తర్వాత రాయడం కూడా మానేసి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇంప్లాంట్ ఆలోచన ఉన్నవాళ్లు ఇది మొదటి రోజు నుంచే లెక్కలో పెట్టుకోండి: లోపలి భాగం చాలా ఏళ్లు ఉంటుంది, బయటి ప్రాసెసర్ ఉండదు. మేము ఇప్పుడు నెలకి కొంత పోస్టాఫీసులో వేస్తున్నాం. వైర్లు ఏడాదికొకటైనా తెగుతాయి, ఒకటి ఎప్పుడూ ఇంట్లో అదనంగా ఉండాలి. వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఆలస్యం చేయకండి, ఇంప్లాంట్ అయినా అర్హత పోదు.

ఆ ఇరవై ఆరు రోజుల తర్వాత మేము సంకేత భాష మొదలుపెట్టాం, నలుగురమూ. ఢిల్లీలో 2015లో పెట్టిన భారతీయ సంకేత భాష పరిశోధన, శిక్షణ కేంద్రం వాళ్ల నిఘంటువు వీడియోలతో ఉచితంగా దొరుకుతుంది, 2021 నాటికే 10,000 పదాలున్నాయి. రోజుకి ఐదు గుర్తులు అనుకున్నాం, వాడు ఇరవై నేర్చుకునేవాడు. మాట ఏమీ పోలేదు. పైగా గొడవగా ఉన్న పెళ్లి పందిళ్లలో, వర్షంలో, రాత్రి మిషన్లు తీసేశాక మాకు మాట్లాడుకునే దారి దొరికింది. వాడికి సైగ చేసే చెవిటి స్నేహితులు దొరికారు, వాళ్ల మధ్య వాడు మిషన్ తీసేసి కూర్చుంటాడు, మొదట్లో నాకు గుండె ఝల్లుమనేది, ఇప్పుడు అదీ వాడి ఇల్లే అని తెలిసింది.

మళ్లీ 2011కి వెళ్తే ఆపరేషన్ చేయిస్తానా అంటే, చేయిస్తాను, ఇంకా తొందరగా చేయిస్తాను. నాకు కూడా మళ్లీ చేయించుకుంటాను. కానీ ఆపరేషన్ రోజు నుంచే సైగ కూడా నేర్పుతాను.

వచ్చే నెల ఇద్దరికీ మ్యాపింగ్ ఉంది. నా మిషన్‌లో ఈ మధ్య స్టీలు గిన్నెల చప్పుడు మరీ పదునుగా వస్తోంది, పై శబ్దాలు కొంచెం తగ్గించమని అడగాలి. వాడికి ఇప్పుడు పదహారేళ్లు, రెండో చెవికి కూడా పెట్టించుకోవాలా వద్దా అన్నది వాడే ఆడియాలజిస్ట్‌తో, అంటే వినికిడి చూసే నిపుణుడితో, మాట్లాడుకుంటానన్నాడు.