జీడీపీయా, జీవీఏయా: వృద్ధిని అంచనా వేయడానికి ఏది మేలు?

2024 ఫిబ్రవరి 29న జాతీయ గణాంక కార్యాలయం ఒకే ప్రకటనలో, అంతకుముందు అక్టోబరు-డిసెంబరు త్రైమాసికానికి రెండు వృద్ధి రేట్లు ఇచ్చింది. స్థూల దేశీయోత్పత్తి (జీడీపీ) 8.4 శాతం పెరిగిందనీ, స్థూల విలువ జోడింపు (జీవీఏ) 6.5 శాతమే పెరిగిందనీ దాని సారాంశం. పతాక శీర్షికలకు ఎక్కింది మొదటి అంకె.

ముందు జీవీఏ సంగతి చూద్దాం. ఒక రైతు లక్ష రూపాయల ధాన్యం అమ్మాడనీ, అందుకు విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, డీజిల్ కలిపి 35 వేలు అయ్యాయనీ అనుకుంటే, అతను జోడించిన విలువ 65 వేలు. కూలీలకు ఇచ్చిన డబ్బును ఇందులోంచి తీసివేయకూడదు, అది కూలీల ఆదాయం కనుక. ఆ ధాన్యాన్ని కొన్న మిల్లు కరెంటుకూ గోనె సంచులకూ 5 వేలు ఖర్చుపెట్టి, బియ్యం, తవుడు కలిపి లక్షా 20 వేలకు అమ్మితే, మిల్లు జోడించింది 15 వేలు. రెండూ కలిపి 80 వేలు. ధాన్యం విలువను మిల్లు దగ్గర మళ్లీ లెక్కించకపోవడమే ఈ పద్ధతిలోని కిటుకు.

ఈ మొత్తానికి వస్తువులు, సేవలపై వేసిన పన్నులు కలిపి, వాటిపై ఇచ్చిన సబ్సిడీలు తీసివేస్తే జీడీపీ వస్తుంది. పేచీ అంతా ఇక్కడే. 45 కిలోల యూరియా బస్తాకు రైతు చెల్లించేది 266 రూపాయల 50 పైసలే. తయారీ ఖర్చు అంతకు ఎన్నో రెట్లు కనుక మిగతాది కేంద్రం కంపెనీకి ఇస్తుంది. కంపెనీ చేతికి వచ్చింది కాబట్టి ఆ సబ్సిడీ జీవీఏలో ఉంటుంది, జీడీపీలో ఉండదు. అందువల్ల సబ్సిడీ పద్దు తగ్గి పన్నుల వసూళ్లు పెరిగిన కాలంలో జీడీపీ వృద్ధి జీవీఏ వృద్ధిని మించిపోతుంది. 2023 చివర జరిగింది అదే. 2020-21లో ఇది తిరగబడింది: కేంద్రం ఆహార సబ్సిడీ కింద భారత ఆహార సంస్థ పాత బాకీలు తీర్చడంతో సబ్సిడీ పద్దు ఉబ్బిపోయి, 2021 ఫిబ్రవరి అంచనాలో జీడీపీ 8 శాతం, జీవీఏ 6.5 శాతం తగ్గినట్లు తేలింది.

అలాగని జీడీపీని పక్కన పెట్టలేం. అప్పులనూ ద్రవ్యలోటునూ దానితోనే పోలుస్తారు, ఇతర దేశాలతో పోలికకూ అదే ప్రమాణం. రిజర్వు బ్యాంకు కూడా 2018 ఏప్రిల్‌లో తన వృద్ధి అంచనాలను జీవీఏ నుంచి జీడీపీకి మార్చుకుంది. అయితే పన్నులను రంగాలవారీగా పంచి చూపడం కుదరదు కనుక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సామాజిక ఆర్థిక సర్వేల్లో కనిపించే వ్యవసాయ, పరిశ్రమ, సేవల వాటాలు విలువ జోడింపు లెక్కలోనివే.

ఒక త్రైమాసికంలో పొలాల్లో, ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో నిజంగా పని పెరిగిందా అన్నదే ప్రశ్న అయితే, నా ఓటు జీవీఏకే. తొలి అంచనాలప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం: 2023-24 మొత్తానికి 2025 ఫిబ్రవరిలో సవరించిన లెక్కల్లో జీడీపీ 9.2 శాతం, జీవీఏ 8.6 శాతంగా తేలాయి, అంటే ఏడాది లెక్కలో రెంటి మధ్య దూరం ఒక శాతం పాయింటు కూడా లేదు.