పాత పికప్ డోర్ బందులకి పిన్నులు, బుష్‌లు మార్చి 6 ఏళ్ళయింది, ఎలా ఉందో చెప్తా

మా పికప్ డ్రైవర్ డోర్ వేయడానికి ఒక పద్ధతుండేది. హ్యాండిల్ కింద చెయ్యేసి డోర్‌ని కాస్త పైకి లేపి అలాగే లోపలికి నెట్టాలి, లేదంటే లాక్ వెళ్ళి స్ట్రైకర్‌కి (లాక్ పట్టుకునే, బాడీకుండే కొక్కేనికి) కింద తగిలి ఠంగుమని వెనక్కొచ్చేది. ఈ కిటుకు తెలియని వాళ్ళకి బండిస్తే నాలుగుసార్లు ధడేల్‌మని కొట్టి, డోర్ పడట్లేదు అని నన్నే పిలిచేవాళ్ళు. అలాగే ఏడాది పైనే లాగించేశా, చివరికి డోర్ వెనక పైమూల సందులోంచి వాన నీళ్ళు నేరుగా భుజం మీద పడటం మొదలయ్యాక ఇక తప్పదని బందుల పిన్నులు, బుష్‌లు (పిన్ను చుట్టూ ఉండే ఇత్తడి తొడుగులు) ఉండే కిట్ తెప్పించుకున్నా.

నా బండికి బందులు బాడీకే వెల్డింగ్ చేసి ఉంటాయి, బోల్టులుండవు. బోల్టులుండే రకమైతే లూజ్ చేసి కాస్త పైకి జరిపి మళ్ళీ బిగించుకోవచ్చు, కానీ పిన్ను అరిగిపోయాక ఎంత జరిపినా రెండు నెలల ముచ్చటే. ముందు చూడాల్సింది ఏంటంటే, డోర్ సగం తెరిచి చివర పట్టుకుని పైకి ఎత్తండి, ఇంకొకర్ని బందుల దగ్గర చూడమనండి. బందు రెండు రెక్కల మధ్య కదలిక కనిపిస్తే పిన్ను, బుష్ పోయినట్టు. అలా కాకుండా బందు మొత్తం రేకుతో సహా ఊగుతుంటే పిల్లర్ (బందు అతికుండే బాడీ స్తంభం) పగిలినట్టు, అది వెల్డింగ్ వాళ్ళ పని, కిట్ కొనుక్కుని లాభం లేదు.

ఇంత చిన్న అరుగుదలకి ఇంత గోల ఏంటా అనుకునేవాణ్ణి. లెక్కేసి చూస్తే అర్థమైంది, పై బందుకి కింది బందుకి మధ్య దూరం 35 సెంటీమీటర్లు, డోర్ పొడవు సుమారు మీటరు, అంటే పై బందు దగ్గర 1 మిల్లీమీటరు లూజుంటే లాక్ దగ్గర డోర్ దాదాపు 3 మిల్లీమీటర్లు దిగుతుంది. స్ట్రైకర్‌కి తగలడానికి అది చాలు.

పని పెట్టుకున్న రోజు సంగతి. డోర్ కింద జాకీ, జాకీ మీద చెక్క దిమ్మ, దాని మీద మడతపెట్టిన పాత దుప్పటి. డోర్ పూర్తిగా ఊడదీయలేదు, ఒక బందు పని అయ్యాకే రెండోది ముట్టుకున్నా, అలా చేస్తే లోపలికెళ్ళే వైర్లు కూడా కదపక్కర్లేదు. కింది బందుకి డోర్‌ని తెరిచిన చోట ఆపే స్ప్రింగొకటుంది, దానితో జాగ్రత్త. స్ప్రింగ్ నొక్కిపట్టే టూల్ లేకుండా స్క్రూడ్రైవర్‌తో తీద్దాంలే అనుకున్నా, అది చెవి పక్క నుంచి ఝుయ్‌మని వెళ్ళి షెడ్డు రేకుకి తగిలింది. కళ్ళద్దాలు పెట్టుకుని, మందపాటి గుడ్డ కప్పి తీయండి, నాలా చేయొద్దు.

పై పిన్నుకి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచా కాబట్టి పంచ్ పెట్టి ఐదారు దెబ్బలేస్తే వచ్చేసింది. చేతిలో పెట్టుకుని చూస్తే పిన్నుకి నడుము సన్నబడింది. బుష్ ఇంకా ఘోరం, ఒక పక్క ఉండాల్సిన మందం అలాగే ఉంది, రెండో పక్క కాగితంలా అయిపోయి గోరుతో వంచితే వంగింది. లోపలంతా నల్లటి ముద్ద, పాత గ్రీజు, దుమ్ము, అరిగిన ఇత్తడి పొడి కలిసి. బుష్‌ని మెత్తటి లోహంతో చేసేదే అందుకు, పిన్ను కంటే ముందు అదే అరగాలని, కానీ దాన్ని వేళకి మార్చకపోతే పిన్ను ఇనుము మీద ఇనుము తిరిగి బందు రంధ్రాన్నే తినేస్తుంది. నా కింది బందులో అదే జరిగింది, రంధ్రం కొంచెం కోలగా అయింది. అప్పుడు బుష్ టైట్‌గానే కూర్చుందిలే అని వదిలేశా.

అన్నట్టు డోర్ తెరిచే ఉంటుంది కాబట్టి లోపలి లైటు సాయంత్రం దాకా వెలిగి బ్యాటరీ దిగిపోయింది. పని మొదలెట్టేటప్పుడే ఆ బల్బు తీసేయండి.

రెండు బందులూ అయిపోయాయి, జాకీ దించా, డోర్ ఒక్క వేలితో ఊగుతోంది, భలే సంతోషం. వేస్తే మళ్ళీ ఠంగ్! అరగంట సేపు బుష్‌లు తప్పుగా వేశానేమో అని బుర్ర గోక్కున్నా. అసలు సంగతి, అంతకుముందు డోర్ దిగిపోయిందని స్ట్రైకర్‌ని కిందికి జరిపి బిగించింది నేనే, ఆ మాటే మర్చిపోయా. డోర్ తన చోటికి వచ్చింది, స్ట్రైకర్ రాలేదు. పాత వాషర్ అచ్చు పెయింట్ మీద ఇంకా కనిపిస్తోంది, దాని మీదికి తెచ్చి బిగిస్తే టక్‌మని పడింది. డోర్ దిగిందని స్ట్రైకర్ ముట్టుకోవద్దని ఇప్పుడు అందరికీ చెప్తున్నా, అలా చేస్తే డోర్ పడుతుంది కానీ బందు అరగడం ఆగదు, పైగా మనకి కనిపించదు.

ఇక 6 ఏళ్ళ తర్వాత పరిస్థితి. రోజుకి 20 సార్లు తీసి వేసినా ఏడాదికి 7,300 సార్లు, ఆ లెక్కన చూస్తే కిట్ బాగానే నిలబడింది. పై బందు ఎత్తి చూస్తే చలనమే లేదు. అవతలి డోర్‌కి కూడా అప్పుడే మార్చా, దాన్ని వాడేదే తక్కువ కాబట్టి కొత్తదానిలాగే ఉంది. మొదటి ఏడాది చిక్కటి గ్రీజు బాగా దట్టించా, అది పొరపాటు, దుమ్మంతా పట్టేసుకుని కిర్రుకిర్రు మొదలైంది. శుభ్రంగా తుడిచేసి అప్పట్నుంచి మూడు నెలలకోసారి ఇంజిన్ ఆయిల్ రెండు చుక్కలు, తలుపు నాలుగుసార్లు ఊపడం, పైకి కారింది తుడిచేయడం, అంతే. తుప్పు వదిలించే స్ప్రేని ఆయిల్ బదులు వాడొద్దు, ఉన్న ఆయిల్‌ని కూడా కడిగేస్తుంది.

ఒక్క కంప్లయింట్ కింది బందు మీదే. ఐదో ఏడు దాటాక మళ్ళీ కాస్త లూజొచ్చింది. కిట్ తప్పు కాదు, ఆ కోల రంధ్రంలో బుష్ మెల్లగా కదిలి కదిలి చోటు చేసుకుంది. అప్పుడే రీమర్‌తో (రంధ్రం లోపల సాపుగా కోసే టూల్) రంధ్రం గుండ్రంగా చేసి ఓవర్‌సైజ్ బుష్ కొట్టి ఉంటే సరిపోయేది, బద్ధకించా. బుష్ తెచ్చి టూల్ బాక్సులో పడేసి రెండు నెలలయింది, డోర్ ఇంకా లేపకుండానే పడుతోంది కాబట్టి ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ నడుస్తోంది.