నల్లగొండలో లెక్చరర్ల ఎఫ్‌డీపీ: మూడో రోజు కోసమైనా వెళ్లాలి

బోధనా మెళకువల మీద నల్లగొండలోని ఒక డిగ్రీ కాలేజీ ఈ మధ్య ఐదు రోజుల ఎఫ్‌డీపీ (అధ్యాపకుల శిక్షణ కార్యక్రమం) పెట్టింది. పాలమూరు, దేవరకొండ, మిర్యాలగూడ వైపుల నుంచి కూడా లెక్చరర్లు వచ్చారు. ప్రమోషన్ ఫైల్లోకి సర్టిఫికెట్ పనికొస్తుందని చాలామంది చేరతారు, అందులో తప్పేమీ లేదు. క్లాసుకు ఏం పనికొచ్చిందన్నదే మా లెక్క.

మొదటి రెండు రోజులు ఉపన్యాసాలే. నేర్చుకోవడంలో బ్లూమ్ చెప్పిన ఆరు మెట్లు, కోర్సు అవుట్‌కమ్‌లు (కోర్సు ముగిసేసరికి పిల్లలకు రావాల్సినవి), కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్. పిల్లల చేత పని చేయించాలని చెప్పే సెషన్‌లో కూర్చున్నవాళ్లకు పనే లేదు. ఇవి ఒక పూటలో తేల్చేయాల్సిన విషయాలు.

మూడో రోజు మైక్రో టీచింగ్ మాత్రం వెలకట్టలేనిది. ఎనిమిదేసి మంది ఒక గుంపు. ఒక్కొక్కరికి ఎనిమిది నిమిషాలు పాఠం, ఏడు నిమిషాలు చర్చ, సెల్‌ఫోన్‌లో రికార్డింగు. చూసేవాళ్లు ‘బాగా చెప్పారు సార్’ అనకూడదు. అడిగిన ప్రశ్నలెన్ని, జవాబు కోసం ఎన్ని సెకన్లు ఆగారు, జవాబు చెప్పింది ఎవరు అన్న మూడింటినే రాయాలి. ‘అర్థమైందా?’ను ప్రశ్న కింద లెక్కపెట్టరు. ప్రశ్న అడిగాక కనీసం మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయని, మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పుతారని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే చూపించారు. రికార్డింగులో చూసుకుంటే మనం ఒక్క సెకను కూడా ఆగడం లేదని తెలిసిపోతుంది.

ఒక కెమిస్ట్రీ పాఠం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ‘ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు కాచితే లీటరుకు ఉండే ఫ్లోరైడ్ తగ్గుతుందా, అంతే ఉంటుందా, పెరుగుతుందా?’ అని అడిగి చేతులెత్తించారు. హార్వర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ పద్ధతి ఇది. సరైన జవాబు 30 శాతం లోపే వస్తే పాఠం మళ్లీ చెప్పాలి, 70 దాటితే ముందుకు పోవాలి, మధ్యలో ఉంటే పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోనిచ్చి మళ్లీ చేతులెత్తించాలి. నీళ్లు ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ మిగిలిపోతుంది, కాబట్టి గాఢత పెరుగుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లలోని ఫ్లోరైడ్ తగ్గించే నల్గొండ టెక్నిక్‌కు అక్కడి నుంచి దారి దానంతటదే పడింది. మన జిల్లా పిల్లలకు ఇంతకంటే దగ్గరి పాఠం ఏముంటుంది?

నాలుగో రోజు నేర్పిన చీటీల పద్ధతీ మంచిదే. చివరి మూడు నిమిషాల్లో పిల్లలు ‘ఈ రోజు ఏం తెలిసింది, ఏది ఇంకా అర్థం కాలేదు’ అన్న రెండింటికీ జవాబు రాసివ్వాలి. పేరు రాయించొద్దు, రాయిస్తే మెప్పుకోలు మాటలే వస్తాయి. ఇంగ్లిష్ మీడియం క్లాసైనా తెలుగులో రాయనివ్వాలి, లేకపోతే సందేహం పోయి స్పెల్లింగు భయం మిగులుతుంది. మర్నాడు మొదటి ఐదు నిమిషాలు ఆ చీటీలకే కేటాయించాలి. జవాబు రాదని తెలిస్తే కొన్నాళ్లకే ఖాళీ చీటీలొస్తాయి. ఈ చివరి సంగతి శిక్షకులు గట్టిగా చెప్పలేదు.

చివరి రోజు ఆత్మపరిశీలన డైరీ. ‘క్లాసు బాగా జరిగింది’ అని రాస్తే అది పరిశీలన కాదు. పిల్లలు ఎక్కడ ఆగిపోయారు, దానికి ఆధారమేంటి, రేపు ఏ ఒక్కటి మారుస్తాను అని ఐదు వాక్యాలు అదే రోజు రాయాలి. ఆ డైరీ ప్రిన్సిపాల్ టేబుల్ మీదికి పోతుందంటే నిజం ఎవరూ రాయరు. నమూనా చూపించారు గానీ ఈ హామీ ఎవరూ ఇవ్వలేదు.

పెద్ద లోటు ఆ తర్వాతిది. నెల రోజులకు ఒకసారి కలవడం గానీ, ఒకరి క్లాసుకు మరొకరు వెళ్లి చూడటం గానీ కార్యక్రమంలో లేదు. గెస్ట్ లెక్చరర్ల మాట అసలు ఎత్తలేదు. వాళ్లకు పీరియడ్ లెక్కన జీతం, ఐదు రోజులు వస్తే ఐదు రోజుల డబ్బు పోతుంది. చాలా కాలేజీల్లో వాళ్లు కూడా క్లాసులు చెబుతారు.

ఐదుకు మూడు మార్కులు. వెళ్లేవాళ్లు ఒకే కాలేజీ నుంచి ఇద్దరు వెళ్లండి, తిరిగొచ్చిన వారంలోనే ఒకరి క్లాసులో ఒకరు కూర్చోండి. నిర్వాహకులు ఉపన్యాసాలు సగానికి తగ్గించి, మైక్రో టీచింగ్‌కు రెండు రోజులివ్వాలి.