హీట్ పంప్ ఉన్న ఇంటికి ఆక్టోపస్ కోజీ టారిఫ్: మా ఇంగ్లండ్ ఇంట్లో ఎలా ఉందంటే

గ్యాస్ బాయిలర్ తీసేసి హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లాగి ఇంటిని, నీళ్లని వేడిచేసే కరెంట్ యంత్రం) పెట్టించుకుంటే 7,500 పౌండ్ల గ్రాంట్ వస్తుందని ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లలో చాలామందికి తెలుసు. పెట్టించుకున్నాక ఏ కరెంట్ టారిఫ్ (రేట్ల పథకం) తీసుకోవాలో మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు, అసలు బిల్లు తేలేది అక్కడే. ఇక్కడ కరెంట్ యూనిట్ ధర గ్యాస్ యూనిట్‌కి దాదాపు నాలుగు రెట్లు. పంప్ ఒక యూనిట్ కరెంట్ తీసుకుని మూడు, మూడున్నర యూనిట్ల వేడి ఇచ్చినా సరే, మామూలు రేటు మీదే ఉండిపోతే గ్యాస్ ఖర్చుతో సమానం చేయడమే కష్టం.

మేం వాడుతున్నది ఆక్టోపస్ అనే కరెంట్ కంపెనీ వాళ్ల కోజీ టారిఫ్. దీనికి అరగంటకోసారి రీడింగ్ పంపే స్మార్ట్ మీటర్ ఉండాలి. తెల్లవారుజామున 4 నుంచి 7, మధ్యాహ్నం 1 నుంచి 4, రాత్రి 10 నుంచి 12 వరకు రేటు దాదాపు సగానికి పడిపోతుంది. సాయంత్రం 4 నుంచి 7 వరకు మాత్రం మామూలు కంటే ఇంచుమించు ఒకటిన్నర రెట్లు.

చౌక గంటలు ఇలా రోజంతా విడివిడిగా ఉండటమే నాకు నచ్చింది. ఎకానమీ 7 అనే పాత రకం టారిఫ్‌లో అవన్నీ రాత్రిపూటే ఉంటాయి, కానీ హీట్ పంప్ ఇల్లు నెమ్మదిగా, రోజంతా వెచ్చబడుతూ ఉండాలి. పైగా మధ్యాహ్నం బయట చలి కాస్త తగ్గుతుంది కాబట్టి అదే కరెంట్‌తో పంప్ ఎక్కువ వేడి ఇస్తుంది.

అన్నిటికంటే ముందు సరిచేయాల్సింది వేడినీళ్ల టైమర్. మాకు బిగించినవాళ్లు దాన్ని సాయంత్రం 5 గంటలకు పెట్టి వెళ్లారు, అంటే రోజులోకెల్లా ఖరీదైన వేళకి! 200 లీటర్ల ట్యాంకు 15 డిగ్రీల నుంచి 50కి రావాలంటే సుమారు 8 యూనిట్ల వేడి కావాలి, పంప్‌కి అది దాదాపు 3 యూనిట్ల కరెంట్. మామూలు రేటు 27 పెన్స్ అనుకుంటే 81 పెన్స్, మధ్యాహ్నం 1కి కాస్తే సుమారు 40, సాయంత్రం కాస్తే 1.20 పౌండ్లు. నీళ్లు అవే, స్నానం అదే.

ఇల్లు వేడి చేయడం దగ్గర మాత్రం అతి చేయొద్దు. చౌకగా ఉంది కదా అని మధ్యాహ్నం ఆ మూడు గంటల్లోనే ఇల్లంతా మరిగించాలని చూస్తే రేడియేటర్‌లోకి 35, 40 డిగ్రీల నీళ్లు సరిపోయే చోట 50 పంపాల్సి వస్తుంది, పంప్ సామర్థ్యం పడిపోతుంది, రేటులో మిగిల్చింది అక్కడ పోతుంది. సాయంత్రం 4 గంటలకి ముందు ఒక డిగ్రీ పెంచి, 7 దాకా ఒకటి రెండు డిగ్రీలు తగ్గించి వదిలేస్తే చాలు. గోడల్లో, అటకలో ఇన్సులేషన్ బాగుంటే ఆ తేడా పిల్లలకి తెలియను కూడా తెలియదు. ఇన్సులేషన్ లేని పాత ఇల్లయితే ఈ పద్ధతి కుదరదు, ముందు ఆ పని చేయించండి.

మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. పిల్లలు స్కూల్ నుంచి వచ్చే వేళకే ఇండక్షన్ పొయ్యి మీద పప్పు, కూర, పక్కన అన్నం కుక్కర్, మధ్యలో డ్రయ్యర్. అన్నీ ఆ ఖరీదైన మూడు గంటల్లోనే పడతాయి. కుక్కర్ 4 లోపు పెట్టేసి, బట్టల పని రాత్రి 10 తర్వాతకి మార్చుకోగలిగితేనే కోజీ లాభం.

లాభమో కాదో తేల్చుకోవడం తేలికే. చలికాలంలో ఒక నెల బిల్లులో స్టాండింగ్ చార్జీ (వాడినా వాడకపోయినా రోజూ పడేది) తీసేసి, మిగతా మొత్తాన్ని వాడిన యూనిట్లతో భాగించండి. ఆ సగటు మామూలు రేటు కంటే తక్కువగా ఉంటే ఉండండి, లేకపోతే మారిపోండి.

ఎలక్ట్రిక్ కారు కూడా ఉంటే ఆక్టోపస్ వాళ్లదే ఇంటెలిజెంట్ గో టారిఫ్ చూడండి, రాత్రి 11:30 నుంచి 5:30 దాకా ఇల్లంతటికీ చాలా తక్కువ రేటు. వాళ్లదే ఇంకో టారిఫ్ ఎజైల్‌లో అరగంటకో ధర, మర్నాటి ధరలు ముందురోజు సాయంత్రం వస్తాయి, గాలి బాగా వీచిన రోజు సున్నా కంటే కిందికి కూడా పోతాయి. కానీ గాలి లేని జనవరి చలిలో, సరిగ్గా ఇంటికి వేడి కావాల్సినప్పుడే, అవి పైకెక్కుతాయి. కరెంట్ నిల్వ చేసుకునే బ్యాటరీ లేని, చిన్నపిల్లలున్న ఇంటికి ఆ టెన్షన్ వద్దనే చెబుతాను.