మెనీలైనక్స్ వీల్స్: చద్దిమూట కట్టుకెళ్లే బైనరీలు

సీ++ కోడ్ ఉన్న పైథాన్ ప్యాకేజీని ఉబుంటు 22.04 మీద బిల్డ్ చేసి రెడ్‌హ్యాట్ 8 సర్వర్లో పెడితే, "జీలిబ్‌సీ 2.34 దొరకలేదు" అని మొరాయిస్తుంది. జీలిబ్‌సీ అంటే లైనక్స్‌లో చాలా ప్రోగ్రాములు ఆధారపడే మూల సీ లైబ్రరీ. కోడ్‌లో తప్పేమీ ఉండదు. జీలిబ్‌సీ 2.34లో, థ్రెడ్లు చూసుకునే పీథ్రెడ్ లైబ్రరీని ప్రధాన ఫైలైన లిబ్‌సీలో కలిపేశారు. అందుకని ఎప్పటినుంచో ఉన్న థ్రెడ్ ఫంక్షన్లకు కూడా బైనరీని లైబ్రరీలతో జతచేసే లింకర్ కొత్త వెర్షన్ నంబరే అంటిస్తుంది. పాత జీలిబ్‌సీ మీద కట్టింది కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద నడవదు. ఒకే వీల్ (ముందే కట్టి ఉంచిన పైథాన్ ప్యాకేజీ ఫైల్) చాలా లైనక్స్‌లలో నడిచేలా చేసే మెనీలైనక్స్ పద్ధతి అంతా ఈ ఒక్క ముక్క మీదే నిలబడింది: పాత డిస్ట్రో (లైనక్స్ రకం) కంటైనర్లో బిల్డ్ చెయ్యడం, కావలసిన లైబ్రరీలు మూటగట్టి వెంట పంపడం.

2016లో సెంటోస్ 5తో మొదలైంది. సెంటోస్ 7 ఆధారంగా ఉన్న 2014 ట్యాగ్‌ని (ఏ లైనక్స్‌లకు సరిపోతుందో చెప్పే, వీల్ పేరులోని గుర్తు) ఇంకా వాడేవాళ్లున్నారు గానీ, ఆ డిస్ట్రోకి 2024 జూన్ 30తో మద్దతు ఆగిపోయింది. కొత్తగా మొదలుపెడితే అల్మాలైనక్స్ 8 మీద నడిచే 2.28 ట్యాగ్ (నంబరు కనీస జీలిబ్‌సీ వెర్షన్) తీసుకోండి. ఉబుంటు 20.04, డెబియన్ 10, రెడ్‌హ్యాట్ 8, వాటి పైవన్నీ ఇందులోకి వస్తాయి. జీలిబ్‌సీ 2.26తో ఉన్న అమెజాన్ లైనక్స్ 2 మాత్రం రాదు. వాడేవాళ్ల దగ్గర పైథాన్ ప్యాకేజీలు దించే పిప్ 20.3 లేదా ఆ పైది ఉండాలి. అంతకంటే పాత పిప్ ఈ ట్యాగ్‌ని గుర్తుపట్టక సోర్స్ దించుకుని, జీసీసీ కంపైలర్ లేదని ఏడుస్తుంది. అసలు కారణం ఆ ఎర్రర్లో ఎక్కడా కనపడదు.

పని తీరు బాగుంది. కంటైనర్లో పైథాన్ వెర్షన్లన్నీ సిద్ధంగా ఉంటాయి. వీల్ కట్టాక, దాన్ని పరీక్షించి సరిచేసే ఆడిట్‌వీల్ సాధనంతో ముందు షో, తర్వాత రిపేర్ కమాండ్. రిపేర్ బయటి లైబ్రరీలను వీల్ లోపలికి కాపీ చేసి, పేర్లకు హ్యాష్ తగిలించి, ఆర్‌పాత్ (లైబ్రరీలను వెతికే దారి) సరిచేస్తుంది. హ్యాష్ లేకపోతే, రెండు ప్యాకేజీలు ఒకే పేరుతో వేర్వేరు లైబ్రరీలు తెచ్చినప్పుడు ముందు లోడైనదే రెండోదానికీ అంటగట్టబడుతుంది. బిల్డ్ బయట చేసి రిపేర్ ఒక్కటే కంటైనర్లో చేస్తే ఫలితం ఉండదు. ఆడిట్‌వీల్ జీలిబ్‌సీ నంబర్లు చూసి తిరస్కరిస్తుంది, వాటిని తగ్గించదు.

అసలు తలనొప్పి మూటలోనే. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్ఎస్ఎస్ఎల్‌ని కలిపి పంపితే, అల్మాలో కట్టిన కాపీ సర్టిఫికెట్లను రెడ్‌హ్యాట్ పద్ధతిలో ఈటీసీ కింద పీకేఐలో వెతుకుతుంది. డెబియన్లో అవి ఈటీసీ కింద ఎస్ఎస్ఎల్‌లో ఉంటాయి. ఇంపోర్ట్ హాయిగా అవుతుంది, మొదటి హెచ్‌టీటీపీఎస్ కాల్ దగ్గర కూలుతుంది. సర్టిఫికెట్లు వెంట తెచ్చే సర్టిఫై ప్యాకేజీ ఇచ్చే ఫైల్ దారిని కోడ్‌లోనే చెప్పెయ్యడం మేలు. పైగా యాప్ట్ అప్‌గ్రేడ్ ఎన్నిసార్లు కొట్టినా ఈ కాపీ మారదు. చద్ది పాచిపోతే కొత్త రిలీజ్ ఇవ్వాల్సింది ప్యాకేజీ కట్టినవాళ్లే.

పనిని థ్రెడ్లకు పంచే ఓపెన్ఎంపీ లైబ్రరీది ఇంకో గోల. రెండు ప్యాకేజీలు రెండు కాపీలు తెస్తే ఎవరి థ్రెడ్ పూల్ వాళ్లది, కోర్లకు మించి థ్రెడ్లు పుడతాయి. ఆర్మ్ 64 ప్రాసెసర్లలో అయితే "స్టాటిక్ టీఎల్ఎస్ బ్లాక్‌లో మెమరీ దొరకలేదు" అనే ఎర్రర్ (టీఎల్ఎస్ అంటే ఇక్కడ ఒక్కో థ్రెడ్‌కి విడిగా ఉండే మెమరీ) వస్తుంది, అదీ ఇంపోర్ట్ వరుసను బట్టి. ఆ ప్యాకేజీని అన్నిటికంటే ముందు ఇంపోర్ట్ చేస్తే చాలాసార్లు పోతుంది. చికిత్స అనడానికి నోరు రాదు గానీ, పని జరుగుతుంది.

గ్రాఫిక్స్ లైబ్రరీ లిబ్‌జీఎల్ లాంటివి సిస్టమ్‌లో ఉంటాయనే లెక్కతో ఆడిట్‌వీల్ మూటలో పెట్టదు. కుదించిన డెబియన్ స్లిమ్ ఇమేజ్‌లో అవి ఉండవు, చిత్రాల ప్యాకేజీ ఓపెన్‌సీవీ అక్కడే కూలబడుతుంది. దాని హెడ్‌లెస్ (తెర అవసరం లేని) ప్యాకేజీ వాడండి.

అల్మాలైనక్స్ 9 మీద కట్టే 2.34 ట్యాగ్‌కి తొందరపడొద్దు. అక్కడి కంపైలర్ మామూలుగానే ఎక్స్86-64 రెండో స్థాయి ప్రాసెసర్‌కి కోడ్ కడుతుంది. పాత మెషీన్లలో "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని ఆగిపోతుంది. మన కోడ్‌కి ఆర్కిటెక్చర్ ఫ్లాగ్ మార్చినా, మూటలోకి వచ్చే సిస్టమ్ లైబ్రరీలు అదే స్థాయివి.

ఆల్పైన్ లైనక్స్‌లో జీలిబ్‌సీకి బదులు మసల్ ఉంటుంది కాబట్టి దానికి మసల్‌లైనక్స్ వీల్ విడిగా కట్టాలి.

రిలీజ్‌కి ముందు డెబియన్ స్లిమ్, అల్మా 8, ఆల్పైన్ ఖాళీ ఇమేజ్‌లలో, బైనరీలు తప్ప సోర్స్ వద్దని పిప్‌కి చెప్పి ఇన్‌స్టాల్ చెయ్యండి. ఇంపోర్ట్ అయిందని వదిలెయ్యకుండా ఒక హెచ్‌టీటీపీఎస్ కాల్, ఒక థ్రెడ్ల లెక్క, నమ్‌పై ప్యాకేజీకి ముందొకసారి, తర్వాతొకసారి ఇంపోర్ట్ నడిపి చూడండి.