మా టౌను మున్సిపాలిటీకి కొత్త క్లర్కుని తీసుకున్న తీరు - ఐదుకి మూడున్నర

ముందే చెప్పేస్తాను, ఐదుకి మూడున్నర. ఇంటర్వ్యూ జరిపిన తీరుకి నాలుగున్నర ఇవ్వచ్చు, మనుషుల్ని పంపిన ఏజెన్సీకి రెండు ఇవ్వడమే ఎక్కువ, కలిపి చూస్తే దాదాపు అంతే తేలుతుంది. ఊరి పేరూ ఏజెన్సీ పేరూ రాయను. ఒడిశాలో, ఆంధ్రా బోర్డర్ దగ్గర, సగం ఇళ్ళలో తెలుగు, సగం ఇళ్ళలో ఒడియా మాట్లాడే టౌను, దగ్గర కొండల మీంచి సవర గిరిజనులు కూడా దిగి వస్తారు, అది తెలిస్తే చాలు. నేను బ్లాకు ఆఫీసులో బొడొబాబుగా, అంటే హెడ్ క్లర్కుగా రిటైర్ అయ్యాను కాబట్టి ఇంటర్వ్యూ ప్యానెల్ లో బయటి మెంబరుగా నన్ను కూర్చోమన్నారు, అందుకే లోపల జరిగింది రాయగలుగుతున్నాను.

పోస్టు జనన మరణాల కౌంటర్ లో. తీరిక ఉన్నప్పుడు హోల్డింగ్ ట్యాక్స్, అంటే ఇంటి పన్ను రసీదులు కూడా చూడాలి. పాతాయన రిటైరయ్యాక ఆ సీటు చాన్నాళ్ళు ఖాళీగా ఉండిపోయింది, ట్రేడ్ లైసెన్స్ చూసే అబ్బాయే మధ్యమధ్యలో వచ్చి కూర్చునేవాడు, పాపం అతని పని అతనికే తెమిలేది కాదు, జనం మాత్రం పొద్దున్నే వచ్చి మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుని వెళ్ళిపోయేవారు. పర్మనెంట్ పోస్టుకి అంత తొందరగా మనిషి రాడు కాబట్టి ఔట్ సోర్సింగ్ మీద తీసుకున్నారు. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సి ఉద్యోగాలకి 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూ ఎత్తేశారు, సిఫార్సులు పోవాలని, మంచి పనే. కానీ ఇలాంటి కౌంటర్ సీటుకి మనిషిని ఎదురుగా కూర్చోపెట్టి చూడకుండా మార్కుల లిస్టు మాత్రం చూసి తీసుకుంటే ఎలాగో నాకు అర్థం కాదు, ఆ సీటులో పనంతా ఎదుట నిలబడ్డ మనిషితోనే కదా.

ముందు ఏజెన్సీ సంగతి. పిల్లలకి ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి రేపు పదింటికి రండి అన్నారట, ఏ సీటో చెప్పలేదు, జీతం ఎంతో చెప్పలేదు, పీఎఫ్, ఈఎస్ఐ కోతల గురించి అడిగితే జాయిన్ అయ్యాక చూద్దాం అన్నారట. దూరం నుంచి బస్సులో వచ్చిన ఒక అబ్బాయి, నేను డ్రైవర్ పోస్టు అనుకుని వచ్చాను సార్ అన్నాడు, వాడి ముఖం చూస్తే చాలా బాధేసింది. ఇంకా కోపం వచ్చింది ఏంటంటే రిజిస్ట్రేషన్ అని చెప్పి ఇద్దరి దగ్గర డబ్బులు అడిగారట. ఏజెన్సీ వాళ్ళు సర్వీస్ ఛార్జి మున్సిపాలిటీ దగ్గర తీసుకుంటారు కదా, మళ్ళీ ఉద్యోగం లేని పిల్లల దగ్గర ఎందుకు. ఈ సంగతి ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ గారి చెవిన వేశాను, ఆయన అక్కడే ఏజెన్సీ మనిషిని నిలబెట్టి అడిగారు, ఎవరూ పైసా ఇవ్వక్కర్లేదని అందరి ముందూ చెప్పించారు. ఇది చదివేవాళ్ళెవరైనా ఇలాంటి ఉద్యోగాలకి వెళ్తుంటే దయచేసి ఎవరికీ డబ్బు కట్టకండి.

ఇక ఇంటర్వ్యూ. మొదట్లో మామూలు ప్రశ్నలే, రాష్ట్రం ఎప్పుడు ఏర్పడింది, 1936 ఏప్రిల్ 1, గవర్నర్ ఎవరు, జిల్లాలు ఎన్ని, అందరూ బట్టీ పట్టుకొచ్చారు, దాన్ని బట్టి ఎవరు పనికొస్తారో తేల్చలేం. ఆ తర్వాత ఆఫీసర్ గారు చేసిన పని నాకు నిజంగా నచ్చింది. బల్లకి అవతల ఆఫీసు స్వీపరమ్మని కూర్చోబెట్టి, అమ్మా నువ్వు మనవడి బర్త్ సర్టిఫికెట్ కోసం వచ్చావనుకో అన్నారు. ఆవిడకి వేరే చెప్పక్కర్లేదు, ఆ కౌంటర్ దగ్గర రోజూ చూసేదే.

"ఏటి బాబూ, మనవడు పుట్టి ఏడాదిన్నర అవుతంది, టెక్కలి ఆసుపత్రిలో పుట్టినాడు, కోడలు పురుటికి ఆళ్ళ అమ్మగారింటికి ఎల్లింది, కాయితం ఇయ్యరేటి" అని అడిగింది.

ఇది మా వైపు రోజూ వచ్చే కేసు. పుట్టిల్లు ఆంధ్రాలో, అత్తారిల్లు ఒడిశాలో, పురుడు అక్కడ, ఆధార్ ఇక్కడ. పుట్టుక ఎక్కడ జరిగితే అక్కడే నమోదు అవ్వాలి, 1969 జనన మరణాల నమోదు చట్టం మొదటినుంచీ చెప్పేది అదే. టెక్కలిలో పుట్టిన పిల్లాడికి మన మున్సిపాలిటీ సర్టిఫికెట్ ఇవ్వలేదు. సగం మంది అభ్యర్థులు ఆధార్ తీసుకురండి, అప్లికేషన్ రాయండి, పది రోజులాగి రండి అన్నారు, అంటే ఆ ముసలావిడని ఇంకో నెల తిప్పి చివర్లో లేదు పొమ్మంటారన్నమాట. ఒకబ్బాయి ఒడియాలోనే మాట్లాడుతూ పోయాడు, ఆవిడ తెలుగులో అడుగుతుంటే.

ఒక అమ్మాయి మాత్రం రాయడం ఆపి పెన్ను పక్కన పెట్టి, "మామ్మా, ఆసుపత్రోళ్ళు పుట్టినప్పుడే ఆళ్ళ దగ్గర రాయించే ఉంటారు, డిశ్చార్జి కాయితం ఇంట్లో ఉందేమో సూడండి, అది పట్టుకుని మీ అబ్బాయిని టెక్కలి పంపండి, పిల్లాడి పేరు అప్పుడు రాయించకపోయినా ఇప్పుడు రాయించొచ్చు" అని చెప్పింది. పేరు లేకుండా నమోదైతే ఏడాదిలోపు ఉచితంగా, ఆ తర్వాత పదిహేనేళ్ళ దాకా కొంచెం ఫీజు కట్టి పేరు ఎక్కించుకోవచ్చన్నది ఆమెకి తెలుసు. అసలు నమోదే అవ్వకపోతే ఎలాగమ్మా అని నేను మధ్యలో అడిగాను, 21 రోజుల్లోపు అయితే మామూలుగా, 30 రోజుల దాకా లేటు ఫీజుతో, ఏడాది దాకా రాతపూర్వకమైన అనుమతితో, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఆర్డరు కావాలి సార్, 2023 సవరణ తర్వాత సబ్ కలెక్టర్ గారి దగ్గరే తెచ్చుకోవచ్చు అంది. స్వీపరమ్మ లేచి, ఈ గుంటనే తీసుకోండి బాబూ అనేసింది. మార్కులు వేసే మనిషి కాకపోయినా ఆ మాట సరైన మాటే.

టైపింగ్ టెస్టు గురించి కొంచెం రాయాలి. అందరూ ఒడియా టైపింగ్ వచ్చు అన్నారు, కానీ చాలామంది నేర్చుకున్నది ఆకృతి ఫాంట్ లో, డీటీపీ షాపుల్లో అదే కదా నేర్పేది. ఆన్ లైన్ ఫారం లో అది పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాల చెత్త వస్తుంది, ఏ కంప్యూటర్లోనైనా సరిగ్గా కనపడే యూనికోడ్ అక్షరాలు కావాలి. ఇది ముందే చెప్పి ఉంటే పిల్లలు వారం రోజులు ప్రాక్టీసు చేసుకుని వచ్చేవారు, ఇక్కడ ఏజెన్సీకి ఇంకో అర మార్కు కట్. రెండోది పేర్లు. లక్ష్మి అని ఇంగ్లిష్ లో రాసేటప్పుడు ఒడిశా వైపు ఎక్స్ పెడతారు, ఆంధ్రా వైపు కే, ఎస్, హెచ్ పెడతారు, తల్లి ఆధార్ లో ఒకటి పిల్ల సర్టిఫికెట్ లో ఒకటి పడితే స్కూల్లో చేర్చేటప్పుడు మొదలవుతుంది తిరుగుడు. ఇంటిపేరు ముందా వెనకా అన్నదీ అంతే. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి స్కూలుకీ, లైసెన్సుకీ, పాస్ పోర్టుకీ పుట్టిన తేదీ రుజువంటే ఈ ఒక్క సర్టిఫికెట్టే, అందులో ఒక అక్షరం తప్పు పడితే ఆ పిల్లాడు పెద్దయ్యేదాకా దాంతో వేగాలి. ఆ అమ్మాయి టైప్ చేసే ముందు ఆధార్ చూపించమని అడిగి, స్పెల్లింగ్ పైకి చదివి వినిపించి, సరేనా మామ్మా అని అడిగాకే ఎంటర్ కొట్టింది, మిగతా వాళ్ళలో ఒక్కరు కూడా చదివి వినిపించలేదు.

ఒక అన్యాయం కూడా చెప్పుకోవాలి, అన్యాయం అనడం పెద్ద మాటేమో గానీ నాకు అలాగే అనిపించింది. ఒడిశాలో ఉద్యోగానికి ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసై ఉండాలి. ఒక కుర్రాడికి కంప్యూటర్ మీద చెయ్యి గాలిలా ఆడుతుంది, తెలుగు, హిందీ, ఇంగ్లిష్ బాగున్నాయి, ఒడియా మాట్లాడతాడు, చదువుతాడు, కానీ ఇంగ్లిష్ మీడియం చదివాడు, సర్టిఫికెట్ లేదు, కాగితాల దగ్గరే ఆపేశారు. రూలు తప్పని నేను అనను. 1954 నుంచి ఒడియా ఇక్కడ అధికార భాష, ఫైలు ఆ భాషలోనే నడవాలి. కానీ బోర్డర్ టౌనులో కౌంటర్ ముందుకొచ్చే సగం మంది తెలుగు వాళ్ళయినప్పుడు తెలుగు మాట్లాడగలగడానికి కూడా మార్కులు పెట్టాలి, సవర తెలిస్తే ఇంకా ఎక్కువ పెట్టాలి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు సవర పిల్లలకి చదువు చెప్పడానికి ముందు తాను సవర నేర్చుకున్నారు, ఆ నేల పక్కనే ఉన్న మనం ఒక కౌంటర్ క్లర్కు దగ్గర ఆ పాటి కోరుకోకూడదా. మార్కుల షీటులో తెలుగుకి కాలమే లేదు, నేను అడిగితే రిమార్క్స్ లో రాయండి అన్నారు, రాశాను, ఆ అమ్మాయికి అది పనికొచ్చింది.

ఆమె చేరాక నేను రెండు మూడుసార్లు కౌంటర్ దగ్గరికెళ్ళి చూశాను. ఏ కేసుకి ఏ కాగితాలు కావాలో తెలుగులో, ఒడియాలో రెండు అట్టల మీద రాసి గోడకి అంటించింది, బయటి ఊళ్ళో పుట్టినవాళ్ళు ఎక్కడికెళ్ళాలో అందులో మొదటి లైన్లోనే ఉంది. బెంచీ మీద జనం తగ్గారు. ఈ సర్వీసు వరకైతే ఐదుకి ఐదే ఇస్తాను. కానీ ఆమె జీతం ఏజెన్సీ చేతుల్లోంచి రావాలి, మొదటి నెలదే ఆలస్యంగా వచ్చిందట, ఇంత పని తెలిసిన పిల్ల ఇలాగైతే ఎన్నాళ్ళు ఉంటుంది. సెలవు పెట్టినరోజు ఆ సీటులో మళ్ళీ ట్రేడ్ లైసెన్స్ అబ్బాయే. లిస్టులో రెండో పేరున్న అమ్మాయిని కూడా పిలిపించి కొన్నాళ్ళు ఈమె పక్కన కూర్చోబెట్టి పని నేర్పించమని ప్యానెల్ తరపున రాసిచ్చాం, ఆ కాగితం మీద ఆర్డరు ఇంకా రాలేదు.